వేదిక: సన్యాసమ్మ వాకిలి

ప్రభుత్వానికి ఉన్నట్టుండి ఒకరోజు చెవులొచ్చాయి. అంతకుముందు లేవని కాదు గానీ, పాట వినే చెవులు రావడం అదే మొదలు. రాజధానిలో ఏదో సదస్సు జరిగిందట. ఏడు దేశాల సంగీత నిపుణులు వచ్చారట. వాళ్ళలో ఒకాయన లేచి, ప్రపంచ సంగీతమంతా మీ పల్లెల్లోనే దాగి ఉంది, మీరే ఇంకా కనిపెట్టలేదు అన్నాడట. పెద్దలందరికీ తల కొట్టేసినట్టయింది. ఇంత సంగీతాన్ని దగ్గర పెట్టుకుని, పైవాళ్ళకి ఒక్క ముక్క చెప్పకుండా, తమ పాటికి తాము పాడుకుంటూ కూర్చున్న పల్లెటూళ్ళ మీద కోపం కూడా వచ్చింది. మూడు వారాల్లో 'జానపద నాద అన్వేషణ సంస్థ' పుట్టింది. నాలుగో వారానికి దానికి జిల్లాకో అధికారి, అధికారికో జీపు, అందరికీ కలిపి ఒక యాప్ సమకూడాయి. యాప్ పేరు 'పాటబాట'. పట్నంలో ఉన్నవాడు ఆదివారం పూట ఫోన్ తీసి నొక్కితే, తన దగ్గర్లో ఏ జానపదుడు ఏ చోట ఎన్నింటికి పాడతాడో అందులో కనపడాలి.

అంతవరకూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత వచ్చిన ఉత్తర్వుతోనే వచ్చింది చిక్కంతా. రాష్ట్రంలో పాడేవాళ్ళందర్నీ కనిపెట్టేశామని సంస్థ చెప్పుకోవాలంటే, కనిపెట్టనివాడెవడూ పాడుతూ కనిపించకూడదు కదా. అందుచేత సెప్టెంబరు నెలాఖరు తర్వాత కనుగొనబడని కళాకారులు బహిరంగంగా పాడరాదనీ, కనుగొనబడని వేదికల్లో ఎవరూ పాడరాదనీ, పాడినచో వాద్య సామగ్రిని పంచాయతీ వారు స్వాధీనపరచుకొనవచ్చుననీ రాశారు.

జీడివలసలో గండ్రేటి తవిటయ్యకి ఈ సంగతి, సచివాలయం గోడ మీద కాగితం చదివినవాళ్ళు మోసుకొచ్చారు.

"నన్ను కనిపెట్టడమేటి? నానెక్కడికీ పోనేదు గదా!" అన్నాడు తవిటయ్య.

నిజానికి ఆయన్ని అప్పటికే రెండుసార్లు కనిపెట్టారు. ఒకసారి విశ్వవిద్యాలయం నుంచి వచ్చినాయన కనిపెట్టి, ఫొటో తీసుకుని, పుస్తకంలో వేసి, కింద పక్క ఊరివాడి పేరు రాశాడు. రెండోసారి టీవీవాళ్ళు కనిపెట్టి, పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ చుట్టని ఎర్ర తలపాగా ఆయన తలకి చుట్టి, గెడ్డలో మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టి పాడించారు. ఆ కార్యక్రమం ఎప్పుడొచ్చిందో తెలియదు గానీ, జలుబు మాత్రం మర్నాడే వచ్చింది.

తవిటయ్య వాయించేది జముకు. చెక్క గొట్టానికి ఒకవైపు తోలు బిగించి, ఆ తోలు నడుమ నుంచి నరం లాగి మీటే వాయిద్యం. చంకలో ఇరికించుకుని నరం బిగించి మీటితే గుండెలోంచి వచ్చినట్టు మూలుగుతుంది. ఆ చుట్టుపక్కల జముకు పట్టుకుని జాతర్లలో కథలు చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. తవిటయ్య ఇంటి పద్ధతి వేరు. తాతనాటి నుంచీ వాళ్ళు చెప్పేది దినం కథ ఒక్కటే. ఊళ్ళో ఎవరైనా పోతే, పదోనాడు భోజనాలయ్యాక, ఆ ఇంటి వాకిట్లో పోయిన మనిషి కథ పాడాలి. రాజుల కథ కాదు, దేవుళ్ళ కథ కాదు, అచ్చంగా ఆ మనిషి కథే. దానికోసం ఆ పది రోజులూ తవిటయ్య ఊరంతా తిరిగి అడుగుతాడు. పోయినవాళ్ళతో గట్టు తగాదా పడ్డవాళ్ళని ముందు అడుగుతాడు, వాళ్ళకే ఎక్కువ గుర్తుంటుందని. కథ చివర్లో జముకు ఆపి, "ఈ మనిసి నీకేటి సేసినాడు?" అని వచ్చినవాళ్ళని మూడుసార్లు అడుగుతాడు. ఎవరికి గుర్తున్నది వాళ్ళు లేచి చెబుతారు. చెప్పిందల్లా అక్కడికక్కడే పాటలోకి ఎక్కుతుంది. దాంతో సరి. ఆ కథ మళ్ళీ ఎక్కడా పాడరు. మనిషికి ఒకటే కథ, ఒకటేసారి.

అందుచేత జీడివలసలో వయసు మళ్ళినవాళ్ళకి ఒక అలవాటుంది. ఒంట్లో కాస్త నలతగా ఉంటే తవిటయ్య ఇంటికొచ్చి, చేతిలో ఆకూ వక్కా పెట్టి, నా దినానికి నువ్వే పాడాలి సుమా అని మాట తీసుకుంటారు. తర్వాత నిశ్చింతగా ఇంకో పదేళ్ళు బతుకుతారు.

ఆగస్టులో ఒకనాటి పొద్దున్న సంస్థ తరఫున హైమావతి వచ్చింది. జిల్లా అన్వేషణాధికారి విశ్వపతిగారి దగ్గర సహాయకురాలు. ఆయన చేపల శాఖలో ఉన్నప్పుడు చేపలు, గ్రంథాలయాల్లో ఉన్నప్పుడు గ్రంథాలు, వయోజన విద్యలో ఉన్నప్పుడు వయోజనులు లెక్కపెట్టి, ఇప్పుడు ఆయనతోపాటే జానపదంలోకి వచ్చింది. మంచి మనిషి. తవిటయ్య అరుగు మీద కూర్చుని, పలక లాంటి ఫోను ఒళ్ళో పెట్టుకుని అడగడం మొదలుపెట్టింది.

"మీ దగ్గర ఎన్ని పాటలున్నాయండీ?"

"ఏవీ నేవమ్మా."

"అదేంటండీ, పాడతారు కదా?"

"ఎవలైనా పోతే వొస్తాది పాట. ఈమద్దెన ఎవులూ పోనేదు."

హైమావతి పాటల సంఖ్య దగ్గర సున్నా వేసింది. "పోనీ, రోజూ సాధన చేస్తారా?"

"ఎవల మీద సెయ్యమంటావమ్మా?"

అక్కడా సున్నా వేసింది. తర్వాతి గడి దగ్గరకొచ్చేసరికి ఆవిడ మొహం కాస్త వాడింది. "రాబోయే మూడు ప్రదర్శనలు. వేదిక, తేదీ, సమయం. ఇది నింపకపోతే యాప్ ముందుకెళ్ళదండీ. కార్డు రాదు. కార్డు లేకపోతే ఈ సెప్టెంబరు దాటాక మిమ్మల్ని పాడనివ్వరు. జముకు పట్టుకుపోతారు."

తవిటయ్య తన జముకు వంక చూసుకున్నాడు. అది ఆయన తండ్రిది. దాన్ని పంచాయతీ గదిలో చీపుళ్ళ పక్కన ఊహించుకుని, దగ్గరికి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అబద్ధం ఆడే అలవాటు లేదు కాబట్టి నిజమే చెప్పాడు. "ఒప్పుకున్నవి మూడున్నాయమ్మా. తపాలా గురయ్యగారిది ఒకటి. రేజేటి కన్నప్పడిది ఒకటి. బెవర సన్యాసమ్మప్పది ఒకటి. ముగ్గురూ మాట తీసుకున్నారు."

"తేదీలు?"

"ఆ సంగతి ఆళ్ళకీ తెల్దు, నాకూ తెల్దు."

యాప్‌కి మాత్రం తెలియాలి. పైగా తొంభై రోజుల లోపు తేదీలే అది తీసుకుంటుంది. హైమావతి కాసేపు ఆలోచించి, పట్నంవాళ్ళకి వీలుగా ఉంటుందని మూడు ఆదివారాలు వేసింది. సన్యాసమ్మకి సెప్టెంబరు పద్నాలుగు, మధ్యాహ్నం మూడు గంటలు పడింది. "ఊరికే గడి నింపడానికేనండీ, తర్వాత మార్చుకోవచ్చు" అని తవిటయ్యకి ధైర్యం చెప్పి వెళ్ళింది. తేదీ మార్చుకునే సౌకర్యం ఆ యాప్‌లో లేదని ఆవిడకి అప్పటికి తెలియదు.

నాలుగు రోజుల తర్వాత ఊళ్ళో ఉన్న ఫోన్లన్నిటిలోనూ ఒక బొమ్మ ప్రత్యక్షమైంది. పచ్చటి పొలాలు, ఎగిరే కొంగలు, మధ్యలో రంగురంగుల అక్షరాలు: 'మీ దగ్గర్లోనే! తపాలా గురయ్యగారి దినం. వేదిక: వారి స్వగృహం. సకుటుంబంగా రండి!' కింద, ఆసక్తి చూపినవారు నూటపన్నెండు మంది అని ఉంది. సూరత్‌లోనూ ఖరగ్‌పూర్‌లోనూ ఉన్న బంధువులు ఏడుస్తూ ఫోన్లు చేశారు. గురయ్యే ఫోనెత్తి ఒక్కొక్కళ్ళకీ తాను బతికే ఉన్నానని చెప్పాడు. కొందరు సంతోషించారు. టికెట్లు కొనేసినవాళ్ళు మాత్రం ఆ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని కేకలేశారు. మూడోనాటికి గురయ్య విసిగిపోయి, ఇంటికి తాళం వేసి విజయనగరంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. యాప్‌లో ఆయన పేరు పక్కన 'వేదిక అందుబాటులో లేదు' అని పడింది. రేజేటి కన్నప్పడు తన తేదీ చదివించుకుని విని, ముసుగు తన్ని పడుకుని, అన్నం మానేశాడు. అది చూసి అతని పెళ్ళాం సచివాలయానికి పోయి వీరంగం వేస్తే, ఆ కార్యక్రమాన్ని శాంతిభద్రతల కారణంగా రద్దు చేశారు.

మిగిలింది సన్యాసమ్మ. ఎనభై రెండేళ్ళ మనిషి. ఆ ఊళ్ళో ఇప్పటికీ ఏ గొడ్డు ఈనినా ఆవిడ చెయ్యి పడాల్సిందే. తేదీ చెబితే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది.

"పద్నాలుగా? ఆ ఆదివారం సచ్చినా కుదరదురా తవిటీ. మామిడోళ్ళ గేదె ఈనీది అప్పుడే."

వేదిక తనిఖీకి విశ్వపతిగారు స్వయంగా విచ్చేశారు. ఆయన పెద్దగా పాటలు వినే మనిషి కాదు గానీ, విన్నట్టు సంతకం పెట్టగల సమర్థుడు. జీపు దిగుతూనే టేపు తీయించి వాకిలి కొలిపించారు. ప్రేక్షకులు అత్యవసరంగా బయటికి పోవడానికి రెండో దారి ఉందా అని అడిగారు. ఊరివాళ్ళు పశువుల సాల చూపించారు. వాహనాలు నిలిపే స్థలం అడిగారు. గడ్డిమేటు పక్కన చూపించారు. అన్నీ రాయించుకున్నాక, "కార్యక్రమంలో ప్రధాన పాత్ర ఎవరిది?" అన్నారు.

హైమావతి సన్యాసమ్మ వైపు చెయ్యి చూపించింది. ఆవిడ పేడ చేత్తో నిలబడి ఉంది.

విశ్వపతిగారు ఆవిడని పైనుంచి కిందకి చూసి, కాగితాలు తిరగేసి, గొంతు సవరించుకున్నారు. "దినం అనగా పదవ రోజు. పద్నాలుగో తేదీన ప్రదర్శన ఉన్నందున, దానికి సంబంధించిన పూర్వ సన్నాహక చర్య నాలుగో తేదీ నాటికి పూర్తి కావలసి ఉంటుంది. సదరు విషయమై వేదిక యజమానురాలికి అవగాహన కల్పించారా?"

"సన్నాహమేటి బావూ?" అంది సన్యాసమ్మ.

డ్రైవరు జీపు అద్దం తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

నాలుగో తేదీ వచ్చింది. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి హైమావతి ఫోన్ చేసి, గొంతు బాగా తగ్గించి, "అమ్మా, ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగింది. గట్టిగానే ఉందని సన్యాసమ్మ చెప్పింది. హైమావతి నిజంగానే సంతోషించి, ఆ మాటే పై అధికారికి నివేదించింది. ఐదో తేదీన సంజాయిషీ నోటీసు వచ్చింది. నిర్ణీత గడువులోగా పూర్వ సన్నాహక చర్య పూర్తి చేయకపోవడానికి కారణం ఇరవై నాలుగు గంటల్లో తెలుపవలెను. నోటీసు పట్టుకొచ్చిన హైమావతే, సన్యాసమ్మ చెప్పగా జవాబు కూడా రాసింది: 'ఆరోగ్యంగా ఉన్నందువల్ల.' దానికి విశ్వపతిగారు మర్నాడే సమాధానమిచ్చారు. కార్యక్రమం వాయిదా వేయడానికి నిర్దేశించిన కారణాలు మూడు. అవి వర్షం, కర్ఫ్యూ, ఎన్నికల నియమావళి. ఆరోగ్యంగా ఉండుట సదరు జాబితాలో లేదు.

ఇక లాభం లేదని తవిటయ్య ఉతికిన పంచె కట్టుకుని, బస్సెక్కి జిల్లా ఆఫీసుకి వెళ్ళాడు. మూడు గంటలు బల్ల మీద కూర్చోబెట్టాక లోపలికి పిలిచారు.

"మనిసి బతికుండగా దినం కత పాడకూడదు బావూ" అన్నాడు తవిటయ్య చేతులు కట్టుకుని.

విశ్వపతిగారు చిరునవ్వు నవ్వారు. ఆ చిక్కుముడి ఆయన అప్పటికే విప్పేసి, టైపు కూడా చేయించేశారు. కాగితం తీసి చదివారు. "కార్యక్రమ నిర్వహణా సౌలభ్యం దృష్ట్యా, శ్రీమతి బెవర సన్యాసమ్మను పద్నాలుగో తేదీ మధ్యాహ్నం మూడు గంటల నుండి ఆరు గంటల వరకు దివంగతురాలిగా భావించడమైనది. ఆరు గంటల అనంతరం యథాస్థితి పునరుద్ధరించబడును." కాగితం మడిచి, "ఆవిడకి ఏ నష్టమూ లేదు. చూశారా?" అన్నారు.

"నష్టముంది బావూ. ఒకపాలి పాడితే ఆ కత అయిపోతాది. రేపు నిజంగా పోయిన్నాడు ఆయమ్మకి కత ఉండదు."

"పునఃప్రదర్శన ఇవ్వండి."

"మల్లీ పాడకూడదు."

"అయితే పద్నాలుగున పాడకండి. మీ గుర్తింపు రద్దవుతుంది. అప్పుడు ఆవిడకే కాదు, ఎవరికీ ఎప్పుడూ పాడే అవసరం ఉండదు." ఆయన ఆ మాట బెదిరింపుగా అనలేదు. వెసులుబాటు చూపిస్తున్నట్టే అన్నారు.

తిరుగు బస్సులో తవిటయ్యకి కిటికీలోంచి ఏమీ కనిపించలేదు. కళ్ళ నిండా నీళ్ళే. ఆయన మొదటి కథ చెప్పింది పందొమ్మిదో ఏట, సొంత తండ్రి దినానికి. చెప్పనని గదిలో మూల కూర్చుంటే, సన్యాసమ్మే వచ్చి జముకు చేతిలో పెట్టి బయటికి లాక్కొచ్చింది. ఆ మనిషి కథ ఇప్పుడు పాడినా పోతుంది, పాడకపోయినా పోతుంది. ఎటు తిరిగినా ఆవిడ కథ లేకుండా పోవాల్సిందే.

ఊళ్ళో దిగగానే తిన్నగా వెళ్ళి ఉన్న సంగతి చెప్పేశాడు. సన్యాసమ్మ చేతిలో గడ్డి కింద పెట్టి, అరుగు మీద చతికిలబడింది.

"అయితే ఊరకే పోతానన్నమాట" అంది. తర్వాత చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "కారడు మాత్రం ఒగ్గీకురా. నీ కారడు పోతే ఊరందరికీ కత నేకుండా పోతాది. నాదొక్కటీ పోతే పోనీ. పాడీ."

తవిటయ్య లేచి ఇంటిదారి పట్టాడు.

పద్నాలుగో తేదీ రెండున్నరకల్లా రెండు బస్సులు గడ్డిమేటు పక్కన ఆగాయి. వాటిలోంచి 'పాటబాట బాటసారులు' అని రాసిన సంచులు తగిలించుకుని ఎనభై మంది దిగారు. ఆడవాళ్ళంతా నేత చీరల్లో, మగవాళ్ళంతా నలిగిన ఖాదీ లాల్చీల్లో, పల్లెటూరికి వెళ్ళేటప్పుడు ఎలా ఉండాలో అలా ఉన్నారు. ఊరివాళ్ళు మాత్రం పట్నంవాళ్ళొస్తున్నారని పాలియెస్టర్ చొక్కాలు ఇస్త్రీ చేయించుకున్నారు. సోడాబండి వచ్చింది, వేరుశనక్కాయల బండి వచ్చింది. వాకిట్లో షామియానా కింద కుర్చీలో సన్యాసమ్మ కూర్చుని ఉంది. మెడలో బంతిపూల దండ, గుండె మీద 'దివంగత, తాత్కాలికం' అని ఒక అట్ట. మూడు నుంచి ఆరు వరకు మాట్లాడరాదని ఆవిడకి లిఖితపూర్వకంగా తెలియజేశారు. బాటసారులు ఒక్కొక్కరే వచ్చి పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ఒకావిడ వంగి, "ఎలా అనిపిస్తోందమ్మా?" అని అడిగింది. సన్యాసమ్మ నిబంధన ప్రకారం ఊరుకుంది. అంత సహజంగా ఉన్నందుకు ఆ ఆడమనిషి కళ్ళు చెమర్చాయి.

విశ్వపతిగారు ఇరవై నిమిషాలు ప్రసంగించారు. "అజ్ఞాతంలో మగ్గుతున్న ఇంతటి కళను వెలికితీయుటలో మా సంస్థ చేసిన కృషి మీ ముందున్నది" అని ముగించి, తవిటయ్యకి చేత్తో సైగ చేశారు. తవిటయ్య కార్డు విశ్వపతిగారి జేబులోంచి సగం బయటికి కనపడుతోంది, దానిమీద ఇంకా సంతకం పెట్టలేదు.

తవిటయ్య జముకు చంకలో పెట్టుకున్నాడు. వెనక ఇద్దరు వంతగాళ్ళు తాళాలతో నిలబడ్డారు. ఊరి దేవతకి దణ్ణం పాడాడు. పాడి, ఆగాడు. సన్యాసమ్మ తల వంచుకుని దండలోంచి ఒక్కో పువ్వూ తుంచుతోంది. తవిటయ్య అది చూసి, విశ్వపతిగారి వైపు తిరిగి వంగి దణ్ణం పెట్టాడు.

"బావూ, ఒక్క మనవి. ఇంతమంది పెద్దలొచ్చినారు. ఇంతదూరం మీరొచ్చినారు. మీవంటోరు ఎదురుగుండా ఉంటే, గొడ్ల కాడుండీ ముసల్దాని కత పాడితే ఈ సబకేటి గౌరవం? ఆరు గంటల దాకా ఎవలినైనా పోయినట్టు బావించీ అదికారం మీకే ఉన్నాది గదా. తమరు ఒప్పుకుంటే తమ కతే పాడతాను."

బాటసారులు చప్పట్లు కొట్టారు. విశ్వపతిగారి చెవులు ఎర్రబడ్డాయి. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన మీద ఫిర్యాదులు రాశారు గానీ పాట ఎవరూ కట్టలేదు.

"ఒక మాట ముందే సెప్పేస్తన్నాను బావూ" అన్నాడు తవిటయ్య. ఆయన మోసగాడు కాదు. "ఒకపాలి పాడితే మల్లీ నేదు. బాగా సూస్కోండి."

"అది సాంకేతిక విషయం" అన్నారు విశ్వపతిగారు. హైమావతి చేతిలోంచి కలం తీసుకుని, ఉత్తర్వులో సన్యాసమ్మ పేరు కొట్టేసి, ఆ పైన తన పేరూ హోదా రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. సన్యాసమ్మ లేచి, దండ తీసి ఆయన మెడలో వేసి, అట్ట ఆయన గుండెకి తగిలించి, కుర్చీ పమిటతో తుడిచి ఇచ్చింది. విశ్వపతిగారు హుందాగా దివంగతులై కూర్చున్నారు.

కథ మొదలైంది. పుట్టిన ఊరు, చదివిన చదువు, చేసిన హోదాలు విశ్వపతిగారే మధ్యమధ్యలో మెల్లగా అందించారు. చేపల శాఖలో నాలుగేళ్ళు, గ్రంథాలయాల్లో మూడేళ్ళు. తవిటయ్య అన్నిటినీ వరస తప్పకుండా పాడాడు. గొంతు బాగుంది, జముకు బాగా పలికింది. పావుగంటలో హోదాలన్నీ అయిపోయాయి. అప్పుడు తవిటయ్య నరం వదిలి, సభ వైపు చెయ్యి చాపాడు.

"ఈ మనిసి నీకేటి సేసినాడు?"

ఎవరూ లేవలేదు. ఊరివాళ్ళు డ్రైవరు వైపు చూశారు. డ్రైవరు జీపు టైరు వైపు చూశాడు. సభలో ఒక లాల్చీ ఆయన, ఎంత గొప్ప నిశ్శబ్దం అని పక్కవాళ్ళతో గుసగుసలాడి, దాన్ని కూడా రికార్డు చేసుకున్నాడు.

"ఈ మనిసి నీకేటి సేసినాడు?"

హైమావతి లేవబోయింది. నోరు తెరిచింది. ఏదో గుర్తు తెచ్చుకోవడానికి చాలా కష్టపడి, మళ్ళీ కూర్చుంది. కుర్చీలో విశ్వపతిగారు మొదట చిరునవ్వుతో ఎదురుచూశారు. తర్వాత చిరునవ్వు లేకుండా ఎదురుచూశారు. ఆయన తల ఒక్కొక్క వరుస వెంబడే తిరుగుతోంది.

తవిటయ్యకి అప్పుడు భయమేసింది. ఈ పెద్దమనిషి కథ ఖర్చయితే పోయేదేముందిలే అనుకుని మొదలుపెట్టిన మాట నిజమే గానీ, ముప్పై తొమ్మిదేళ్ళలో మూడో పిలుపు ఉత్తిగా పోయిన కథ ఆయన ఎరగడు. తాగి భార్యని కొట్టినవాడికి కూడా ఎవరో ఒకరు లేచి, మా దూడ గెడ్డలో పడితే దూకి తీశాడని చెప్పారు. మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా ఇలా జరగడం చూడలేకపోయాడు. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అడిగాడు.

"ఈ మనిసి నీకేటి సేసినాడు?"

దూరంగా మామిడివాళ్ళ గేదె అరిచింది. తవిటయ్య ముగింపు కోసం నరం మీద వేలు పెట్టాడు.

"ఉండ్రా" అంది సన్యాసమ్మ, అరుగు మీంచి లేచి. "నానున్నాను. మొన్నామద్దెన, టేపట్టుకుని కొలవడానికొచ్చిన్నాడు, నూతికాడ సెంబుడు నీల్లిచ్చినాను. తాగి, 'సల్లగా ఉన్నాయమ్మా' అన్నాడు. అరవై ఏళ్ళు తోడినాను ఆ నుయ్యి. ఆ మాట అన్నోడు ఈయనొక్కడే. రాసుకో."

తవిటయ్య వేళ్ళు నరం మీద కదిలాయి. దొరికింది ఆ చెంబుడు నీళ్ళే. దానిమీదే పాడాడు. ఆ నుయ్యి ఎవరు తవ్వారో, ఎన్ని నిలువుల్లో జల పడిందో, ఏ కరువేడు ఊరు ఊరంతా ఆ గట్టు మీదే పడుకుందో పాడాడు.

*సల్లని నీల్లాయె సన్యాసమ్మ నుయ్యి,*
*దాగమై వొచ్చినా దారెమ్మటి బావు,*
*సల్లగున్నాదనె, సాలునే ఆ మాట,*
*తోడినా సేతికీ నొప్పి తీరీనాదె.*

వంతగాళ్ళు అందుకున్నారు. ఊరివాళ్ళు అందుకున్నారు. మొదట ఆడవాళ్ళు ఏడ్చారు, తర్వాత బస్సుల్లో వచ్చినవాళ్ళు ఏడ్చారు. ఫోన్లు పైకెత్తి పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. విశ్వపతిగారు ఒళ్ళో చేతులు పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. ఆరు కొట్టేసింది. యథాస్థితి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

బస్సులు వెళ్ళిపోయాక ఆయన దండ తానే తీసి అరుగు మీద పెట్టారు. ముగింపు ఉపన్యాసం రాసి తెచ్చుకున్నారు గానీ, చదవలేదు. జీపు దగ్గరికి నడిచి, ముందు రేకు మీద కార్డు పెట్టి సంతకం చేశారు. తీసుకోవడానికి తవిటయ్య పక్కనే నిలబడ్డాడు. అవతల సన్యాసమ్మ అప్పటికే చీర కుచ్చెళ్ళు ఎగదోపి, గేదె కోసం గబగబా పోతోంది. తన కథ తనకి మిగిలినందుకు ఆ నడకలోనే సంతోషం తెలుస్తోంది.

విశ్వపతిగారు కలం మూత పెట్టకుండా అలాగే నిలబడ్డారు. కాసేపటికి గొంతు తగ్గించి, "హైమావతిగారూ, మీరు నా దగ్గర పదకొండేళ్ళ నుంచీ ఉన్నారు. నిజంగా ఇంకేమీ లేదా?" అని అడిగారు.

హైమావతి మంచి మనిషి. తొందరపడి ఏదో ఒకటి చెప్పెయ్యకుండా, చాలాసేపు నిజాయితీగా ఆలోచించింది.

"రికార్డులు చూసి చెబుతాను సార్" అంది.